హీరోని కాసేపు వదిలేసి, అలిగిన బావను చూడండి

మా నల్లగొండ దిక్కు దావత్ అంటే మటన్ దగ్గర ఒక్కరన్నా అలగాలి. మా ఇంట్లో ఆ డ్యూటీ మా పెద్దబావది. మొన్న మా చిన్నోడి పెళ్లిలో వడ్డించే పిల్లగాడు ఈయన విస్తరి దాటి ముందుకు పోయాడు. అంతే, సగం తిన్నచోటి నుంచి లేచి, చెయ్యి కడుక్కుని, పోయి బండి స్టార్ట్ చేశాడు. చేశాడు కానీ పోలేదు. ఎవరన్నా వచ్చి బతిమాలతారేమోనని గేటు దగ్గర పది నిమిషాలు ఇంజన్ ఆపకుండా నిలబడ్డాడు, లీటరు పెట్రోల్ వంద దాటిన ఈ రోజుల్లో.

'బలగం' (2023) నేను రెండోసారి చూసింది ఆ తర్వాతే. అందులో నారాయణ అనే అల్లుడు నల్లి బొక్క, అంటే మూలుగుండే మటన్ ఎముక, దగ్గర మొదలైన గొడవతో అత్తగారింటికి ఏళ్ల తరబడి దూరమవుతాడు. మొదటిసారి చూసినప్పుడు, ఒక్క బొక్క కోసం ఇంత పంచాయతీనా అని తిట్టుకున్నాను. రెండోసారి మాత్రం గేటు దగ్గరి మా బావే కనిపించాడు. తెలంగాణ ఇళ్లలో నల్లి బొక్క అల్లుడి విస్తట్లో పడటం మర్యాద లెక్క, ఆయన అడిగేది కూరను కాదు.

మనం నవ్వేసి వదిలేసే ఇలాంటి పక్క పాత్రల్లో మనిషి కనపడాలంటే నేను చెప్పే మొదటి పని, సినిమా రెండోసారి చూడండి. మొదటిసారి కథ లాక్కెళ్తుంది, మన చేతిలో ఏం ఉండదు. రెండోసారి హీరో మాట్లాడుతుంటే ఆయన్ను చూడకండి, పక్కన నిలబడి వింటున్నవాడి మొహం చూడండి. చూస్తూ ఒకటే అడగండి, వీడికి దేనికి భయం?

'గుండమ్మ కథ' (1962) తీసుకోండి. సూర్యకాంతం నోరు చూసి గయ్యాళి అని ముద్ర వేసి వదిలేస్తాం. సవతి కూతురితో పనిమనిషి చాకిరీ చేయించడం తప్పే, దానికి సాకులు లేవు. కానీ ఆమె ఇల్లు, ఆస్తి, ఇద్దరు ఆడపిల్లలను ఒంటరిగా నెట్టుకొస్తున్న మనిషి, ఎవరో ఒకరు ముంచేస్తారని లోపల దడ. ఇంటికొచ్చిన అందరి మీదా అరుస్తుంది, రమణారెడ్డి వేసిన ఘంటయ్య ఏది చెప్తే అది మాత్రం నమ్మేస్తుంది. ముంచేవాడినే కాపలా పెట్టుకుంది! నాకు నవ్వొచ్చేదీ అక్కడే, ఆమె మీద జాలి పుట్టేదీ అక్కడే.

రెండో పరీక్ష, తన రూలు తనకూ పెట్టుకుంటాడా? 'అహ నా పెళ్ళంట' (1987)లో కోట శ్రీనివాసరావు కోడిని ఎదురుగా వేలాడదీసి, దాన్ని చూస్తూ అన్నం తింటాడు. ఊరికే చూడటం కాదు, కూర కలుపుకున్నంత శ్రద్ధగా ముద్ద చేసి తింటాడు. పిసినారే, కాదనను, కానీ తను వేపుడు తిని పక్కవాడికి పచ్చిపులుసు పోసే రకం కాదు, కడుపు మాడ్చుకునేవాళ్లలో తనూ ఉన్నాడు. అదే తను తిని ఎదుటివాడిని మాడ్చి ఉంటే మనం నవ్వేవాళ్లమా? కోట ఆ సీన్‌లో మొహం ఎంత సీరియస్‌గా పెట్టాడో ఒకసారి ఆపి చూడండి.

మనవాళ్లు ఇక్కడ ఒక జాగ్రత్త పడాలి. చాలా ఏళ్లు సినిమాల్లో మన తెలంగాణ యాసను రౌడీలకో జోకర్లకో ఇచ్చారు, మనమూ టికెట్ కొని నవ్వాం. పాలమూరు మాట వినగానే హాలంతా నవ్వితే, ఇంటికొచ్చి అదే డైలాగ్‌ను పుస్తకం భాషలో ఒకసారి అనుకోండి. ఇంకా నవ్వొస్తే ఆ జోకు పాత్రది. చప్పబడిపోతే మీరు నవ్వింది మీ తాత మాట మీద. 'పెళ్ళిచూపులు' (2016)లో ప్రియదర్శి చేసిన కౌశిక్ ఈ పరీక్షలో పాసవుతాడు, ఎందుకంటే వాడి విసుగు ఏ ఊరివాడికైనా వచ్చేదే, యాస వాడి సొంతం అంతే.

ప్రతి చెత్త పాత్రలోనూ మంచి తవ్వాలని రూలేం లేదు. అమ్మాయి వెంటపడి ఏడిపించే కామెడీ ఫ్రెండ్‌లో నేనైతే ఏమీ వెతకను, ఫార్వర్డ్ కొట్టేస్తా.

చివరగా, పని అయ్యాక ఎవరు మిగిలారో చూడండి. సినిమాల్లో ఇది సీన్ చివర, హీరో ఫ్రేమ్ దాటి పోయాక, రెండు సెకన్లు కనిపిస్తుంది. పెళ్లిలో అయితే నేను కళ్లారా చూశాను. నల్లి బొక్క వేసిన ప్లేటు పట్టుకుని గేటు దగ్గరికి పోయి "రా బావా, అందరు నీ కోసమే ఆగిర్రు" అన్నాను. ఎవరూ ఆగలేదు, అది ఆయనకూ తెలుసు. "నాకేం వద్దు, మీరే తినుర్రి" అని బండి ఆపేశాడు. రాత్రి పదకొండింటికి చుట్టాలంతా పోయాక టెంట్ హౌస్ గిన్నెలు ఒక్కొక్కటి లెక్కపెట్టి అప్పజెప్పింది ఆయనే. రెండు గరిటెలు తక్కువొచ్చాయి. మళ్లీ అలిగాడు.