వానాకాలం ఫొటోలకు పోయే ముందు: కెమెరా జీపీఎస్‌తో జాగ్రత్తలు

జులై వచ్చిందంటే హనుమకొండ నుంచి ములుగు రోడ్డు పట్టని కెమెరా ఉండదు. రామప్ప, లక్నవరం, ఏటూరునాగారం దాటి బొగత జలపాతం. తిరిగొచ్చాక ఏ వాగు ఎక్కడిదో, ఏ మత్తడి ఏ చెరువుదో ఒక్కటీ గుర్తుండదు. అందుకే కెమెరాకు జీపీఎస్ పెట్టుకుంటాం. నన్నడిగితే ఫొటోకు లొకేషన్ లేకపోయినా పర్లేదు గానీ తప్పు లొకేషన్ ఉండకూడదు. లేదని తెలిస్తే వెతుక్కుంటాం, ఉందంటే నమ్మేస్తాం కదా.

ఈ పరికరాలు రెండు రకాలు. నికాన్ జీపీ-1 లాంటిది హాట్ షూలో, అంటే కెమెరా పైన ఫ్లాష్ తగిలించే గాడిలో కూర్చుని, కేబుల్‌తో కెమెరాకు కలుస్తుంది. క్లిక్ కొట్టినప్పుడే లొకేషన్ ఫొటోలోకి ఎక్కుతుంది. రెండోది జేబులో వేసుకునే లాగర్. అది దారంతా రాసుకుంటూ పోతుంది, ఇంటికొచ్చాక కంప్యూటర్‌లో టైమును బట్టి ఫొటోలకు అతికిస్తాం.

లాగర్ వాడేవాళ్లకు అసలు గండం కెమెరా గడియారం. నిరుడు నా కెమెరా టైము 20 నిమిషాలు వెనక ఉంది, నేను చూసుకోలేదు. రామప్ప గుడి ముందు నిలబడి తీసిన మదనికల శిల్పాల ఫొటోలన్నీ మ్యాపులో ములుగు దాటాక రోడ్డు పక్క పొలాల్లో తేలాయి, వరుసగా, నాట్లేసినట్టు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారులో ఒక్క నిమిషం తేడా అంటే కిలోమీటరు. అప్పటి నుంచి బయల్దేరే ముందు ఫోన్‌లో సెకన్లు కనిపించే గడియారం పెట్టి, దాన్నే మొదటి ఫొటో తీస్తున్నా. తేడా ఎంతో ఆ ఫొటోనే చెప్తుంది, లైట్‌రూమ్‌, ఎగ్జిఫ్‌టూల్‌ లాంటి ఫొటో సాఫ్ట్‌వేర్‌లో టైమును అంత జరిపితే సరి. లాగర్ రాసేది మామూలుగా యూటీసీ టైము (ప్రపంచమంతా లెక్కకు పెట్టుకునే ప్రామాణిక టైము), మనది దానికన్నా 5:30 గంటలు ముందు. అదీ చూసుకోండి.

పాత పరికరం సెకండ్‌హ్యాండ్‌లో కొంటుంటే తేదీ చూడకుండా డబ్బులివ్వొద్దు. జీపీఎస్ వారాల లెక్క 1024కు చేరగానే మళ్లీ సున్నాకొస్తుంది. 2019 ఏప్రిల్‌లో అలా తిరిగినప్పుడు అప్‌డేట్ లేని కొన్ని పరికరాలు దాదాపు 20 ఏళ్లు వెనక్కి పోయాయి.

చాలా రోజులు వాడకుండా పెట్టిన పరికరానికి శాటిలైట్లు దొరకడానికి కొన్ని నిమిషాలు పట్టొచ్చు. కారు దిగగానే టకటకా క్లిక్‌లు కొట్టకుండా, ఆకాశం కనిపించేచోట నిలబడి పరికరం మీది లైటు స్థిరపడేదాకా ఆగండి. గుడి రాతి కప్పు కింద, తడిసిన టేకు చెట్ల కింద సిగ్నల్ బలహీనపడుతుంది. గర్భగుడి వైపు పోయే ముందు బయటే ఒక ఫొటో తీసి పెట్టుకుంటే తర్వాత దాన్నుంచి లొకేషన్ కాపీ చేసుకోవచ్చు.

ఇక వాన. కేబుల్ గుచ్చామంటే కెమెరా పక్కనున్న రబ్బరు మూత తెరిచే ఉంటుంది. బొగత దగ్గర వాన లేకపోయినా తుంపర ఆగదు, నీళ్లు తిన్నగా ఆ సందులోకే దిగుతాయి. పలచటి ప్లాస్టిక్ కవరు పైనుంచి తొడగండి, ప్లాస్టిక్ సిగ్నల్‌ను ఆపదు. నీటికి బాగా దగ్గరికి పోతే మాత్రం కేబుల్ పీకి మూత పెట్టేయడమే మంచిది. హాట్ షూలో జీపీఎస్ ఉంటే పైన ఫ్లాష్ పెట్టలేం. కెమెరా నిద్రపోకుండా సెట్టింగ్ పెడితే బ్యాటరీ ఇట్టే అయిపోతుంది, ఇంకోటి వెంట ఉండాలి.

మ్యాపు మీద చుక్క దారి చూపిస్తుంది గానీ వాగు పొంగుతోందని చెప్పదు. 2023 జులైలో ముత్యాలధార జలపాతం చూడ్డానికి పోయినవాళ్లు వాగు పొంగి అడవిలో చిక్కుకుంటే సహాయ బృందాలు రాత్రిపూట పోయి తీసుకురావాల్సి వచ్చింది. ఊళ్లో వాళ్లు పోవద్దంటే తిరిగి రండి.

ఆఖరుది, పోస్టు చేసే ముందు. పొద్దున డాబా మీద పరీక్షకు తీసిన ఫొటోలో మీ ఇల్లుంటుంది. కవ్వాల్‌లో పులి అడుగో, ఏటూరునాగారం అడవిలో గుడ్లగూబ గూడో తీసి ఉంటే చోటు కూడా ఫొటోలోనే ఉంటుంది, వేటగాడు వెతుక్కునే పనే లేదు. అలాంటివాటికి లొకేషన్ తీసేసిన కాపీనే బయటికి పంపండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఈ వివరాలు పోతాయి. "క్వాలిటీ తగ్గుతుందన్నా, డాక్యుమెంట్‌లా పెట్టు" అని తమ్ముళ్లు అడుగుతుంటారు. అలా పెడితే అన్నీ అలాగే వెళ్లిపోతాయి.