ఖర్చు లేకుండా పిల్లల గిఫ్టులు ప్యాక్ చేయడం ఎలా?

ఒంగోలు, నెల్లూరు వైపు డిసెంబరు చివర మొదలైతే జనవరి మధ్య దాకా పిల్లలకు ఏదో ఒకటి కొనాల్సిందే. 19వ శతాబ్దంలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు ఇక్కడ పనిచేసినప్పటి నుంచి ఈ పక్క చాలా ఊళ్లలో క్రిస్మస్ పెద్ద పండగే. అదైన మూడు వారాలకే సంక్రాంతి సెలవులకు అక్క పిల్లలు, అన్న పిల్లలు దిగుతారు. మెరుపు కాగితం షీటు పదిహేను రూపాయలే అనుకున్నా, ఎనిమిది మందికి కాగితం, రిబ్బను, టేపు కలిపి చూస్తే ఇంకో బొమ్మ వచ్చేది. ఆ కాగితం చిరిగిపోయేది అర నిమిషంలో. డబ్బు బొమ్మకు పెట్టండి, ప్యాకింగుకు చేతిపని పెట్టండి.

ముందు ఇంట్లో వెతకండి

పాత పేపర్లు, స్కూలు పుస్తకాలకు అట్టలేయగా మిగిలిన బ్రౌన్ పేపరు, టైలరు కొట్లో పారేసే గుడ్డ పీలికలు, చిరిగిన చీర అంచు, పాత శుభలేఖలు తీసి పెట్టుకోండి. ఖాళీ అట్టపెట్టెలు కిరాణా కొట్లో అడిగితే ఇస్తారు. సంక్రాంతి ముందు దొరికే గాలిపటాల కాగితం చవక, రంగులు కూడా బాగుంటాయి.

కొలత

పెట్టె వెడల్పు, ఎత్తుల మీదుగా చుట్టూ ఒక దారం తిప్పి, ఆ దారం పొడవుకు మూడు సెంటీమీటర్లు కలపండి. కాగితం ఒక వైపు అంత ఉండాలి. రెండో వైపు, పెట్టె పొడవుకు అటూ ఇటూ దాని ఎత్తులో ముప్పావు వంతు చొప్పున కలపండి. ఉదాహరణకు 20 సెంటీమీటర్ల పొడవు, 12 వెడల్పు, 6 ఎత్తు ఉన్న పెట్టెకు 39 × 29 ముక్క సరిపోతుంది. కాగితం వృథా అయ్యేదీ, చివర్లు ఉబ్బెత్తుగా కనిపించేదీ కొలవకుండా కత్తిరించినప్పుడే.

పేపరు ప్యాకింగు

న్యూస్ పేపరు పలచన, రెండు పొరలు వేయండి. ఆదివారం పిల్లల పేజీ, సినిమా పేజీ, పదకేళి ఉన్న పేజీ బాగుంటాయి. శ్రద్ధాంజలి ప్రకటనలున్న పేజీ పైకి రాకుండా చూసుకోండి, చూసిన పెద్దవాళ్లు ఊరుకోరు! మధ్యలో గాలిపటం కాగితం పట్టీ ఒకటి అడ్డంగా అంటిస్తే పాత పేపరన్న సంగతి ఎవరికీ గుర్తుండదు.

జిగురు కొనక్కర్లేదు. రెండు చెంచాల మైదాను అర గ్లాసు నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, సన్నటి మంట మీద చిక్కబడేదాకా తిప్పండి. చల్లారాక వాడండి. మర్నాటికి పులుస్తుంది కాబట్టి ఏ రోజుకు ఆ రోజే చేసుకోవాలి.

బ్రౌన్ పేపరైతే అచ్చులు వేయొచ్చు. బెండకాయను తొడిమ దగ్గర అడ్డంగా కోసి, వాటర్ కలర్‌లో ముంచి అద్దితే పువ్వు పడుతుంది. ఈ పని పిల్లలకే అప్పగించండి, ఎవరి గిఫ్టు ఎవరిదో తెలియకుండా. ఈశాన్య రుతుపవనాల వానలు మనకు డిసెంబరులోనూ పడతాయి. ఆ తేమకు రంగు తొందరగా ఆరదు. రాత్రంతా ఫ్యాను కింద ఉంచాకే చుట్టండి.

జాకెట్ ముక్కతో మూట

నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే. పేరంటాల్లో వచ్చిన జాకెట్ ముక్కలు ప్రతి ఇంటి బీరువాలోనూ ఉంటాయి. అవి ఎవరూ కుట్టించుకోరు, ఇంటింటికీ తిరుగుతూ ఏళ్లు గడుపుతాయి. ఈసారి వాటికి పని చెప్పండి.

గుడ్డ పరిచి, పెట్టెను మధ్యలో మూలల వైపుకు తిప్పి పెట్టండి. గుడ్డ ఒక మూల నుంచి ఎదురు మూలకు ఉన్న పొడవులో మూడో వంతుకు మించని పెట్టె అయితే ముడి హాయిగా పడుతుంది. ముందు రెండు ఎదురు మూలలు పెట్టె మీదుగా లాగి వదులుగా ముడేయండి. తర్వాత మిగిలిన రెండూ దాని మీద గట్టిగా కట్టి, కొసలు పువ్వులా విప్పండి. టేపు అవసరం లేదు. ముడిలో ఒక చామంతి దోపినా, బొమ్మలాటకు పనికొచ్చే చిన్న ఉదయగిరి చెక్క గరిటె దోపినా అందమే. గుడ్డ పిల్ల వాళ్ల అమ్మకు మిగులుతుంది.

బంతి, టెడ్డీ లాంటి వంకరటింకర వస్తువులకూ మూటే మేలు. క్రికెట్ బ్యాటు మాత్రం ఎలా చుట్టినా బ్యాటే. దాన్ని అటక మీద దాచి, "అటక మీద చూడు" అని రాసిన చీటీని చిన్న పెట్టెలో పెట్టి చుట్టండి. ఊపి చూసి కనిపెట్టే తెలివైన వాళ్లకు పెట్టెలో నాలుగు చింతగింజలు వేయండి. మూడేళ్ల లోపు పిల్లలుంటే గింజలూ, స్టేప్లర్ పిన్నులూ వద్దు, నోట్లో పెట్టుకుంటారు.

పేరు చీటీలకు శుభలేఖల అట్ట బాగుంటుంది. వినాయకుడి బొమ్మ మీద కత్తెర పడకుండా చూడండి.

అరిసెలు, కేకు ముక్కలు కూడా పెట్టదలచుకుంటే డబ్బాలోనే. న్యూస్ పేపర్లో తినే పదార్థాలు చుట్టకూడదని కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 నిబంధనలు చెబుతున్నాయి, సిరాలోని రసాయనాలు నూనెకు అంటుకుంటాయి.

బస్సులోనో బండి మీదో పల్లెకు తీసుకెళ్లేటప్పుడు పేపరు ప్యాకెట్లన్నీ ఖాళీ బియ్యం సంచిలో వేసి మూతి కట్టండి. బరువైనవి అడుగున, మూటలు పైన.