ప్యానెళ్ళు ఎక్కించక ముందే కేబుల్ దారి తేల్చుకోండి

రోహిణి కార్తె దాటి వానలు పడేలోగా డాబా మీద సోలార్ పెట్టించేయాలని మా విజయవాడలో చాలామంది తొందరపడుతున్నారు. పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు రూ.78 వేలు సబ్సిడీ ఉంది కాబట్టి తొందర సహజమే. వచ్చినవాళ్ళను ఏ కంపెనీ ప్యానెల్, ఎన్నేళ్ళ వారంటీ అని గుచ్చి గుచ్చి అడుగుతాం. కేబుల్ ఏ దారిన కిందికి దిగుతుందో మాత్రం అడగం. నేనూ అడగలేదు.

మామూలు పద్ధతిలో ప్యానెళ్ళన్నీ వరసగా కలిపి వందల వోల్టుల డీసీని ఇన్వర్టర్ దాకా తెస్తారు. మేం పెట్టించింది మైక్రోఇన్వర్టర్లు, అంటే ప్యానెళ్ళ కింద బిగించే చిన్న ఇన్వర్టర్లు. ఇవి డీసీని అక్కడే ఏసీగా మార్చేస్తాయి. డాబా మీంచి దిగేది ఇంట్లో ఉండే 230 వోల్టుల కరెంటే. "మామూలు కరెంటే కదండీ, మిగిలిన వైరు సరిపోద్ది" అని మా ఎలక్ట్రీషియన్ 2.5 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల మందం) వైరు లాగేశాడు. పది రోజులు బాగానే ఉంది. ఆ తర్వాత మధ్యాహ్నం పన్నెండు దాటితే చాలు, ఫోన్‌లో సోలార్ ఉత్పత్తి గ్రాఫ్ ఠక్కున సున్నాకి పడేది. కాసేపటికి లేచేది, మళ్ళీ పడేది.

కారణం వైరే. సోలార్ కరెంటు వీధి లైనులోకి పోవాలంటే డాబా మీద వోల్టేజీ మీటరు దగ్గరకన్నా కాస్త ఎక్కువ ఉండాలి. వైరు సన్నగా, పొడుగ్గా ఉన్నకొద్దీ ఆ తేడా పెరుగుతుంది. మా డాబా నుంచి మీటరు దాకా వంపులతో కలిపి 30 మీటర్లు. 3 కిలోవాట్లంటే సుమారు 13 ఆంపియర్లు. 2.5 వైరులో పోనూ రానూ కలిపి తేడా దాదాపు 6 వోల్టులు. అదే 4 స్క్వేర్‌లో మూడున్నర, 6 స్క్వేర్‌లో రెండున్నర లోపే. వైరు ఎండకు కాగితే ఇంకొంచెం కలపండి. మా వీధిలో మధ్యాహ్నం లైనులోనే 247 చూపిస్తుంది. 230 మీద పది శాతం, అంటే 253 దాటితే ఇన్వర్టర్ ఆగిపోవాలి, అది రూలు. పాపం, ఇన్వర్టర్ తన పని తాను చేసింది. 6 స్క్వేర్ వేయించాక ఆ గొడవ పోయింది. మీరు ముందే రెండు మూడు రోజులు మిట్టమధ్యాహ్నం మీటరు దగ్గర వోల్టేజీ కొలిపించండి. ఎక్కువ ఉంటే వైరు దగ్గర పొదుపు వద్దు.

తర్వాత ఒక సుద్దముక్క తీసుకుని డాబా ఎక్కండి. ప్యానెల్ నిలువా అడ్డమా అన్నది ముందు గీయండి. మైక్రోఇన్వర్టర్లను కలిపే ట్రంక్ కేబుల్‌కి కనెక్టర్లు కొలత ప్రకారం ఫ్యాక్టరీలోనే బిగించి వస్తాయి. కేబుల్ వచ్చాక ప్యానెళ్ళు తిప్పితే కనెక్టర్ అందదు, లేదంటే కేబుల్ కుప్పగా మిగిలి స్లాబ్ మీద వేలాడుతుంది. కిందికి దిగే వైరును వరస చివర కాకుండా మధ్యలో కలపమనండి. ట్రంక్‌లో పెరిగే వోల్టేజీ నాలుగో వంతుకు దగ్గరగా తగ్గిపోతుంది. ఒక లైనుకి ఎన్ని మైక్రోఇన్వర్టర్లు తగిలించవచ్చో కంపెనీ కాగితంలోనే ఉంటుంది, అది దాటనివ్వకండి. వాడని కనెక్టర్లకు మూత పెట్టించండి.

వానకి భయపడాల్సింది కనెక్టర్ల గురించే. మా మొదటి కేబుల్‌ని తెల్ల ప్లాస్టిక్ టైలతో కట్టారు. ఒక్క వేసవికే అవి బిస్కట్ ముక్కల్లా విరిగిపోయాయి. కేబుల్ జారి, ట్యాంకు పొంగిన నీళ్ళల్లో ఒక కనెక్టర్ మునిగి కూర్చుంది. ఎండను తట్టుకునే నల్ల టైలో స్టీలు క్లిప్పులో అడగండి. పిట్టగోడ దాటే చోట పైపులోకి దిగే ముందు వైరుని కిందికి ఒక వంపు తిప్పితే నీటిచుక్కలు అక్కడే రాలిపోతాయి. ఉడతలుంటే పైపు తప్పనిసరి. ఇంద్రకీలాద్రి చుట్టుపక్కలవాళ్ళకు కోతుల సంగతి నేను చెప్పక్కర్లేదు.

కింద బోర్డు ఎక్కడ పెట్టాలి? 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది గుర్తుందిగా. ఏసీ బ్రేకర్, సర్జ్ ప్రొటెక్టర్ ఉండే బోర్డును పల్లపు వీధుల్లో మెట్ల గదిలోకో మొదటి అంతస్తుకో ఎక్కించండి.

అన్నిటికన్నా నాకు టెన్షన్ పెట్టేది ఇంట్లోని బ్యాటరీ ఇన్వర్టర్. మైక్రోఇన్వర్టర్ లైను దాని అవుట్‌పుట్ వైపు కలిసిందంటే, కరెంటు పోయినప్పుడు దాన్నే లైను అనుకుని సోలార్ కరెంటు అందులోకి తోసే ప్రమాదం ఉంది. బ్యాటరీ ఇన్వర్టర్ కాలిపోవచ్చు. అపార్టుమెంటు జనరేటర్‌కీ ఇదే వర్తిస్తుంది. సోలార్ లైను మెయిన్ వైపే కలవాలి. దాన్ని మీ కళ్ళతో చూసి, బోర్డు మీద పెన్నుతో రాయించండి.

ఎర్తింగ్ విషయంలో ఒక్కటే: పిడుగు తీగకి వేరే గుంత, స్ట్రక్చర్‌కి (ప్యానెళ్ళను నిలబెట్టే చట్రానికి) వేరే గుంత.

పని తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండెక్కే లోపు ముగించమనండి. ఏది విప్పాలన్నా ముందు ఏసీ బ్రేకర్ దించాలి. ఆ తర్వాతే ప్యానెల్ వైపు కనెక్టర్లు లాగాలి. కరెంటు పారుతుండగా డీసీ కనెక్టర్ లాగితే నిప్పురవ్వ ఆరకుండా సాగుతుంది. బ్రేకర్ దించినా ఎండలో ఉన్న ప్యానెల్‌లో 40-50 వోల్టుల దాకా ఉంటూనే ఉంటుంది. ఏ ప్యానెల్ కింద ఏ నంబరు మైక్రోఇన్వర్టర్ ఉందో స్టిక్కర్లు కాగితం మీద అంటించి ఫొటో తీసుకోండి. బిగించాక వంగి చూసినా కనపడవు.

ఇంకొకటి, బట్టల తీగ స్ట్రక్చర్‌కి కట్టకండి. మా ఇంట్లో రెండుసార్లు విప్పేశాను. నిన్న సాయంత్రం చూస్తే మళ్ళీ దానికే లుంగీ ఆరుతోంది.