కర్తరి రాకముందే పిల్లి గిన్నె సంగతి: వెట్ ఫుడ్, డ్రై ఫుడ్ విషయంలో చెన్నైవాసులకు జాగ్రత్తలు

మన పంచాంగాలు కర్తరి అనీ, ఇక్కడి తమిళులు అగ్ని నక్షత్రం అనీ పిలిచే మే నెల రోజులు వచ్చేనాటికి చెన్నైలో పిల్లులు పెంచే తెలుగు ఇళ్లలో రెండు మార్పులు ఇంచుమించు ఒకేసారి వస్తాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు తూర్పు తీరంలో మరపడవల చేపలవేటపై నిషేధం ఉంటుంది గనుక కాశిమేడు చేపల రేవు నుంచి వచ్చే కవళ్లు, నెత్తళ్లు తగ్గి ధర పెరుగుతుంది. అంతవరకు చేపన్నం తిన్న పిల్లికి డ్రై ఫుడ్ (పొడి గుళికల తిండి) సంచి ఇంటికి వస్తుంది. ఆ వెంటనే బడులకు సెలవులిస్తారు, నెల్లూరుకో తిరుపతికో ప్రయాణమవుతూ గిన్నె నిండా డ్రై ఫుడ్ పోసి తాళం వేసుకుని వెళ్తారు. ఒంటికి నీరు ఎక్కువగా కావలసిన రోజుల్లోనే పిల్లికి తిండి ద్వారా అందే నీటిని ఈ రెండు మార్పులూ తగ్గించివేస్తాయి. అందువల్ల ఈ కాలంలో ఏ కంపెనీ తిండి మంచిదన్న చర్చ కంటే, తిండితో పాటు ఎంత నీరు లోపలికి పోతున్నదన్న లెక్క ముఖ్యం.

ఆ లెక్క కష్టమైనదేమీ కాదు. ఇంటి పిల్లికి రోజుకు కిలో బరువుకు సుమారు 50 మిల్లీలీటర్ల నీరు కావాలి, అంటే నాలుగు కిలోల పిల్లికి 200 మిల్లీలీటర్లు. డ్రై ఫుడ్‌లో తేమ నూటికి 6 నుంచి 10 పాళ్లే ఉంటుంది గనుక ఆ పిల్లి రోజంతా తినే 60 గ్రాముల డ్రై ఫుడ్ నుంచి దానికి దొరికే నీరు ఒక చెంచాడు మాత్రమే. పౌచ్‌లలో అమ్మే తడి తిండిలో, అంటే వెట్ ఫుడ్‌లో, నీరు నూటికి 75 నుంచి 80 పాళ్లు ఉంటుంది. 85 గ్రాముల పౌచ్‌లు మూడు తింటే దాదాపు 200 మిల్లీలీటర్లూ తిండిలోనే వచ్చేస్తాయి. డ్రై ఫుడ్ తినే పిల్లి నీళ్లు ఎక్కువగా తాగే మాట నిజమే కానీ, ఆ లోటును పూర్తిగా పూడ్చుకునేంత తాగదు. దాని పూర్వీకులు ఆఫ్రికా, పశ్చిమాసియాల పొడినేలల్లో ఎలుకలనూ పిట్టలనూ తిని, వాటి మాంసంలోని తడితోనే చాలావరకు బతికిన అడవిపిల్లులు కావడం వల్ల, పిల్లికి దాహం మందంగా తెలుస్తుంది; నీరు తగ్గినప్పుడు అది మూత్రాన్ని చిక్కబరుచుకుని సర్దుకుంటుంది.

మూత్రం అలా చిక్కబడడమే గండుపిల్లికి ముప్పు తెస్తుంది. దాని మూత్రనాళం సన్నగా ఉంటుంది గనుక మూత్రంలో ఏర్పడే స్ఫటికాలు, జిగురు కలిసి దానికి అడ్డుపడతాయి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి, ఇంటి నుంచి కదలనివ్వకుండా డ్రై ఫుడ్ ఒక్కటే పెడుతుండగా బరువెక్కిన గండుపిల్లి ఉన్నవారు ఈ పేరాను రెండుసార్లు చదవాలని కోరుతున్నాను. లిట్టర్ ట్రేలోకి (పిల్లి మలమూత్రాలకు పెట్టే ఇసుక పళ్లెంలోకి) పదేపదే వెళ్లి కూర్చోవడం, ముక్కడం, చుక్కలు చుక్కలుగా మాత్రమే పోయడం, అరవడం, వెనుక భాగాన్ని అదేపనిగా నాకుకోవడం, ఆ తర్వాత వాంతులూ నీరసమూ కనిపించడం దీని గుర్తులు. చాలామంది దీనిని మలబద్ధకమనుకుని ఆముదం పట్టించి మరునాటి దాకా చూస్తారు. మా ఇంట్లోనూ ఒకసారి అలాగే పొరబడి ఒక పూట పోగొట్టుకున్నాము. పూర్తిగా అడ్డుపడితే రక్తంలో పొటాషియం పెరిగి గుండె దెబ్బతింటుంది, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోవచ్చు. కనుక ఈ గుర్తులు రాత్రి కనిపిస్తే రాత్రే బయలుదేరాలి. వేపేరిలోని మద్రాసు పశువైద్య కళాశాల ఆసుపత్రి గానీ, మీ పేటలోని వైద్యుడు గానీ ఏ వేళల్లో చూస్తారో, రాత్రిపూట ఎవరు అందుబాటులో ఉంటారో ఎండలు ముదరకముందే కనుక్కుని పెట్టుకోవడం మేలు.

ఇంతమాత్రాన డ్రై ఫుడ్‌ను విషంలా చూడనక్కరలేదు. అది చౌక, పూటంతా గిన్నెలో ఉన్నా వెట్ ఫుడ్‌లా పాడుకాదు, ఆఫీసులకు వెళ్లే ఇళ్లలో పగటిపూటకు అదే దిక్కు. నా మటుకు నేను ఉదయం, రాత్రి వెట్ ఫుడ్, మధ్యలో కొలిచిన కొద్దిపాటి డ్రై ఫుడ్ అనే పద్ధతిని ఈ రెండు మూడు నెలలకైనా పాటించమంటాను. గుళికలు కొరకడం వల్ల పళ్లు శుభ్రపడతాయన్న మాట మాత్రం, అందుకోసమే ప్రత్యేకంగా తయారుచేసిన రకాలను మినహాయిస్తే, పెద్దగా నమ్మదగినది కాదు.

తడిగా ఉన్న ప్రతిదీ వెట్ ఫుడ్ కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. పెరుగన్నం తడిగానే ఉంటుంది, కానీ అందులో పిల్లికి కావలసినన్ని మాంసకృత్తులు లేవు. పాలు చాలా పిల్లులకు విరేచనాలు పట్టించి ఉన్న నీటిని కూడా పోగొడతాయి. ఉల్లి, వెల్లుల్లి పడిన కూర పులుసు రక్తకణాలను దెబ్బతీస్తుంది. పచ్చి కవళ్లు, నెత్తళ్లు అదేపనిగా పెడితే వాటిలోని ఒక ఎంజైము థయామిన్ విటమిన్‌ను నాశనం చేస్తుంది, కాబట్టి చేపను ఉడికించే పెట్టాలి. ఎండుచేపలో ఉప్పు ఎక్కువ. కోడిమాంసం ఉడికించి నీళ్లు పారబోస్తే ఆ నీళ్లతో పాటు టారిన్ అనే పోషకం కూడా పోతుంది. టారిన్ లోపిస్తే పిల్లి గుండె కండరం బలహీనపడుతుందని కాలిఫోర్నియా పరిశోధకులు 1987లో నిరూపించిన తర్వాతే కంపెనీలు తమ తిండిలో దాని మోతాదు పెంచాయి. కొన్న పౌచ్ మీద కూడా ‘కంప్లీట్’ అన్న మాట ఉందో లేదో చూడండి. ‘కాంప్లిమెంటరీ’ అని ఉన్నది రుచికోసం చేర్చుకునేదే తప్ప పూటతిండి కాదు.

తిండిని ఒక్కరోజులో మార్చకండి. పాతదానిలో కొత్తది నాలుగో వంతు కలిపి మొదలుపెట్టి వారం పది రోజుల్లో పూర్తిగా మార్చాలి. ఆకలేస్తే అదే తింటుందిలే అని మొండికేయడం పిల్లి విషయంలో ప్రమాదకరం, ఎందుకంటే లావుగా ఉన్న పిల్లి రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే కాలేయంలో కొవ్వు పేరుకుని జబ్బు పడుతుంది. కాబట్టి ఈ మార్పును మార్చి, ఏప్రిల్ నెలల్లోనే మొదలుపెట్టడం మంచిది.

వెట్ ఫుడ్‌కు చెన్నై వేడి శత్రువు. గది 32 డిగ్రీలు దాటి ఉన్నప్పుడు, మేలో ఇక్కడ దాటని రోజు తక్కువ, గిన్నెలో పెట్టిన తిండిని గంటలోపు తీసివేయాలి. విప్పిన పౌచ్‌లో మిగిలినదాన్ని మూత డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టి రెండు రోజుల్లో ముగించాలి, పెట్టేముందు కాసిన్ని వేడినీళ్లు కలిపి చలి విరిచితే వాసన తేలి పిల్లి ఇష్టంగా తింటుంది. నీళ్లలో నానబెట్టిన డ్రై ఫుడ్‌కు కూడా ఇదే నియమం వర్తిస్తుంది. చీమల కోసం గిన్నెను నీళ్లు పోసిన పళ్లెంలో నిలబెట్టడం మన వంటింటి పాత ఉపాయమే.

డ్రై ఫుడ్‌కు వేడి కంటే సముద్రపు తేమ ఎక్కువ చేటు. గాలి తగిలితే అందులోని కొవ్వు ముక్కిపోతుంది, తేమ తగిలితే బూజు పడుతుంది, ఆ బూజు విషం కంటికి కనిపించకపోవచ్చు. దుకాణంలో విడిగా తూచి ఇచ్చేది కొనవద్దు. నెలలో అయిపోయే చిన్న సంచి కొని, సంచితో సహా బిగుతు మూత డబ్బాలో పెట్టి, 27 డిగ్రీలకు మించని చోటు ఇంట్లో ఏదైనా ఉంటే అక్కడ ఉంచండి.

నీళ్ల గిన్నెలను వెడల్పువి, రెండు మూడు చోట్ల, తిండికీ లిట్టర్ ట్రేకూ దూరంగా పెట్టి రోజుకు రెండుసార్లు మార్చండి. స్టీలు గిన్నె బాల్కనీలో ఎండకు కాలుతుంది, మట్టిపాత్ర నయం.

ఇక ఊరికి వెళ్లడం. గిన్నె నిండా పోసిన డ్రై ఫుడ్, ఒక బకెట్టు నీళ్లు నాలుగు రోజులకు సరిపోతాయన్నది పిల్లి ఆరోగ్యంగా ఉన్నంతవరకు నిజమైనట్టే అనిపించే లెక్క. ఒక్క రాత్రికి మించి వెళ్తున్నప్పుడు రోజుకు రెండుసార్లు వచ్చి చూసే మనిషిని కుదుర్చుకోండి, వెట్ ఫుడ్ పెట్టి, పిల్లి తినేవరకు ఉండి, గిన్నె కడిగి వెళ్లమని చెప్పండి. ట్రేలో మూత్రంతో ఇసుక గడ్డకట్టిన ఉండలు ఉదయం ఎన్ని ఉన్నాయో, సాయంత్రం ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి ఫోన్ చేయమనండి. ఒక పూటంతా ఒక్కటీ లేదని చెబితే మీరు తిరిగివచ్చేదాకా ఆగకుండా పిల్లిని బుట్టలో పెట్టుకుని వైద్యుని దగ్గరికి తీసుకువెళ్లడానికి ఆటో డబ్బులు, ఆ బుట్ట, వైద్యుని నంబరు వారి చేతికే ఇచ్చి వెళ్లండి.