కృత్రిమ ఎరకు చేప తగలడం లేదా? రంగు మార్చే ముందు చూడవలసినవి

కళింగపట్నంలో వంశధార మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దగ్గర గాని, కోనాడలో చంపావతి సముద్రంలో కలిసే చోట గాని తెల్లవారుజామున రాడ్డు పట్టుకుని నిలబడినవారిలో చాలామంది నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: ఏ రంగు ఎర వేయమంటారు? నేను రంగు చెప్పను. వారి చేతిలోని ఎరను అడిగి తీసుకుని, కాళ్ల దగ్గరి నీటిలో వేసి రెండు బారల దూరం లాగి చూపిస్తాను. జబ్బు చాలాసార్లు అక్కడే బయటపడుతుంది. ఆ ఎర ఈదడం లేదు. అర నిమిషం కూడా పట్టని ఈ పరీక్ష చేయకుండా వందల రూపాయలు పోసి మరో రంగు, ఆపై ఇంకో రంగు కొంటున్నవారిని చూసి చూసి ఇది రాస్తున్నాను. రాడ్డు విసరడం, ముడులు వేయడం, డ్రాగ్ (రీలు పట్టు) సరిచేసుకోవడం మీకు వచ్చుననే అనుకుంటున్నాను.

చేపలు ఎగురుతున్నాయి, ఎరను మాత్రం ముట్టడం లేదు

ముందుగా అవి ఏమి తింటున్నాయో చూడండి. అల వెనక్కి పోయినప్పుడు తడి ఇసుక మీద వేలెడేసి నెత్తళ్లు మిగిలి మెరుస్తుంటే పార చేపలు వాటినే తరుముతున్నాయని అర్థం. అటువంటి సమయంలో జానెడు పొడవున్న మిన్నో (మూతి కింద నాలుకతో చేప ఆకారంలో ఉండే గట్టి ప్లాస్టిక్ ఎర) వేస్తే దాని పక్కనుంచే పోతాయి తప్ప నోరు తెరవవు. 20 నుంచి 30 గ్రాముల సన్నని లోహపు జిగ్ (చేప ఆకారపు లోహపు కడ్డీ) గాని చిన్న స్పూన్ (చెంచా ఆకారపు లోహపు రేకు) గాని అప్పుడు సరైన ఎంపిక. చూడటానికి చిన్నదైనా బరువు ఉండటం వల్ల అది కెరటాల అవతలి దాకా చేరుతుంది. కవ్వళ్లు గుంపు కట్టి తిరుగుతున్న రోజున ఇంకాస్త పెద్దది, పొట్ట వెడల్పుగా ఉన్నది వేయవచ్చు. పొడవు, లావు కుదిరిన తరువాతనే రంగు. తేట నీటిలో వెండి, నీలం. వరద నీరు కలిసి మొగ బురదగా ఉన్నప్పుడు నలుపు లేదా కంటికి కొట్టొచ్చే పసుపు. ఇంతకు మించి రంగు గురించి ఆలోచించవలసిన అవసరం నాకు కలగలేదు.

తరువాత లోతు. మూతి కింద ఉండే ప్లాస్టిక్ నాలుక పొట్టిగా, నిలువుగా ఉంటే ఎర పైపైన ఈదుతుంది. పొడవుగా, ఒంటికి సమాంతరంగా ముందుకు చాచుకుని ఉంటే లోతుకు దిగుతుంది. నడుము లోతు నీటిలో రెండు మీటర్లు దిగే ఎర వేస్తే అది ఇసుకను దున్నుకుంటూ వస్తుంది. చేప ఎర వెంట వచ్చి చివరి క్షణంలో తిరిగిపోతున్నదంటే వేగం మార్చి చూడాలి: వంజరానికి చేయి ఆపకుండా వేగంగా చుట్టాలి, పండుగప్పకు నెమ్మదిగా చుడుతూ మధ్యమధ్య ఆపాలి.

కొత్తలో చేపలు పట్టిన ఎర, ఇప్పుడు అదే మొగలో ఊరికే తిరిగి వస్తోంది

ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే ఒక సంవత్సరం వర్షాలు వెళ్లి నీరు తేటపడిన మంచి రోజులన్నీ నేను పోగొట్టుకున్నది దీనివల్లనే.

నా దగ్గర 11 సెంటీమీటర్ల పొడవు, 20 గ్రాముల బరువు ఉన్న మిన్నో ఒకటి ఉండేది. మంచినీటి చేపల కోసం తయారైనది కావడంతో దాని హుక్కుల తీగ సన్నగా ఉండేది. ఒక పెద్ద పార తగిలి, ఆ హుక్కును తిన్నగా సాగదీసి పోయింది. నేను వెంటనే అదే సైజులో 4ఎక్స్ అని రాసి ఉన్న మందపాటి మూడు ముళ్ల హుక్కులు రెండు తెచ్చి, వాటిని ఎరకు తగిలించే రింగులతో సహా మార్చేశాను. ఆ తరువాత కొన్నాళ్లకు వంజరం ఒకటి తాడు కొరికి పోయిందని, ముందు భాగంలో స్టీలు తీగ, దాని కొసన పెద్ద స్వివెల్ స్నాప్ (తాడు మెలిపడకుండా తిరుగుతూ ఎరను పట్టి ఉంచే కొక్కెం) తగిలించాను. విడివిడిగా చూస్తే ఈ పనుల్లో తప్పు పట్టవలసినది ఏదీ లేదు, ప్రతిదానికీ తగిన కారణం ఉంది. కానీ ఆ రోజు నుంచి ఆ ఎరకు ఒక్క చేప తగలలేదు. రంగు పోయిందనుకున్నాను, అదే ఎర మరో మూడు రంగుల్లో కొన్నాను, వాటికీ ఇవే హుక్కులు, ఇదే తీగ బిగించాను. పక్కన నిలబడినవారు పారలు లాగుతుంటే నేను రంగులు మార్చుతూ నిలబడ్డాను.

ఒకనాడు నీరు బాగా తీసిన వేళ, ఇసుక మేట వెనుక తేట నీరు నిలిచిన మడుగులో చేతులు కడుక్కుంటూ ఎరను ఊరికే లాగి చూశాను. మూతి కిందికి వాలి, కర్రముక్క లాగినట్టు తిన్నగా వచ్చింది. పక్కలకు ఊగడం లేదు, తళుకు లేదు. స్టీలు తీగ విప్పి తాడుకే కట్టి లాగితే కొంచెం కదిలింది. ఇంటికి వచ్చి పెట్టెలో మిగిలిన పాత హుక్కులు బిగించి, మరునాడు అదే మడుగులో లాగితే ఒళ్లంతా అటూ ఇటూ ఒరుగుతూ, ప్రతి ఒరుగుడుకూ వెండి పక్క ఒకసారి మెరుస్తూ వచ్చింది.

జరిగినది ఇదీ. లాగినప్పుడు నీరు నాలుకను తోసి, దాని అంచుల వెంట ఒకసారి ఈ పక్కకు, మరొకసారి ఆ పక్కకు సుడి తిరుగుతుంది. ఆ సుళ్లకే ఎర ఒరుగుతుంది. అంత చిన్న తోపుకు ఒళ్లు కదలాలంటే ఎర తేలికగా ఉండాలి, ఉన్న బరువు కూడా తయారీదారు అమర్చిన చోటనే ఉండాలి. పొట్ట కింద వేలాడే బరువు పెరిగితే అది లంగరు వలె పనిచేసి ఒరగనివ్వదు. మూతి దగ్గర పెరిగితే ఎర ముక్కు వాలుస్తుంది. బంగారు పనివారు వాడే చిన్న త్రాసులో తూచి చూశాను. పాత హుక్కులు, రింగులు కలిపి 2.4 గ్రాములు, నేను బిగించినవి 4 గ్రాములు. చేతికి తెలియని ఈ తేడాయే, స్నాపు బరువుతో, తీగ బిరుసుతో కలిసి ఆ ఎరను చంపేసింది.

ఈ తప్పు ఇంతకాలం దాగి ఉండటానికి కారణం, ఎర తాడుకు చిక్కుకోదు, పక్కకు పోదు, రీలుకు అదనపు బరువు తగలదు. తెలియజేసేది ఒక్కటే: బాగా ఈదే ఎరను చుడుతున్నప్పుడు రాడ్డు కొస సన్నగా వణుకుతుంది, చచ్చిన ఎరకు వణకదు. ఆ వణుకు లేదంటే ఇంకో విసురు విసరవద్దు.

పరిష్కారం కష్టమైనది కాదు. కొన్న రోజునే హుక్కులూ రింగులూ విప్పి తూచి, ఆ అంకె పెట్టె మూతలో రాసుకోండి. మార్చేవి దానికి అర గ్రాము లోపు తేడాలో ఉండాలి. గట్టిదనం కావాలంటే మూడు ముళ్ల హుక్కు స్థానంలో కన్ను (రింగు దూర్చే రంధ్రం) అడ్డంగా తిరిగి ఉండే ఒంటి ముల్లు హుక్కు వేయండి. తీగ మందంగా ఉన్నా దాని బరువు తక్కువగానే ఉంటుంది, చేప నోటి నుంచి తీయడమూ సులువు. స్వివెల్ ఉన్న స్నాప్ మాని, సన్నని స్నాప్ గాని వదులు ఉచ్చు ముడి గాని వాడండి. స్టీలు తీగ వంజరం తిరిగే రోజులకే, అదీ జానెడు సన్నని తీగ, అదీ లోహపు జిగ్గులకూ స్పూన్లకూ మాత్రమే, ఎందుకంటే వాటి బరువు ముందు తీగ లెక్కలోకి రాదు. పారకూ పండుగప్పకూ తాడు కోసే పళ్లు లేవు. పండుగప్ప మొప్ప అంచు మాత్రం పదునుగా ఉంటుంది కాబట్టి 40 నుంచి 60 పౌండ్ల బరువు తట్టుకునే నైలాన్ లీడర్ (ఎరకు ముందు కట్టే మందపాటి తాడు) ఉంటే చాలు.

ఇంటి డ్రమ్ములో నిలకడగా నిలిచిన ఎర సముద్రంలో పైకి తేలుతోంది

మంచినీటి కంటే సముద్రపు నీరు సుమారు నూటికి రెండున్నర వంతులు బరువైనది. చుట్టడం ఆపితే ఉన్న చోటనే నిలిచేలా తయారైన 20 గ్రాముల ఎరకు ఉప్పునీటిలో అర గ్రాము అదనపు తేలుడు వస్తుంది, ఆగిన వెంటనే అది పైకి లేస్తుంది. పొట్ట మీద అర గ్రాము సీసపు పట్టీ అంటిస్తే సరిపోతుంది. అయితే వంశధారకు గాని నాగావళికి గాని వరద వచ్చిన రోజుల్లో మొగలో పై నీరు దాదాపు మంచినీరే కాబట్టి ఆ పట్టీ ఊడదీయాలి, లేకుంటే ఎర మునిగిపోతుంది. ఏ నీటిలో వేయబోతున్నారో ఆ నీటిలోనే పరీక్షించమని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఎర ఒక పక్కకే పోతోంది

మూతిని మీ వైపు తిప్పి పట్టుకుని, అది ఏ పక్కకు పోతున్నదో దానికి ఎదురు పక్కకు ఎర ముందు కన్నును (తాడు కట్టే తీగ వలయాన్ని) పట్టుకారుతో వెంట్రుకవాసి వంచి, మళ్లీ లాగి చూడండి. ఒక్కసారిగా ఎక్కువ వంచితే కన్ను వదులై ఊడిపోతుంది.

తగిలిన చేప జారిపోతోంది

హుక్కు ముల్లును గోటి మీద ఆనించి జరపండి. గోరును పట్టకుండా జారితే అది మొండిదైనట్టే. ఆకురాయితో పదును పెట్టండి లేదా మార్చండి. ఇంటికి రాగానే ఎరలను మంచినీటిలో ముంచి, నీడన ఆరబెట్టి, పూర్తిగా ఆరాకనే పెట్టెలో పెట్టాలి. ఒక్క తడి హుక్కు పెట్టెలో ఉన్నవాటన్నింటికీ తుప్పు పట్టిస్తుంది.

మిగిలినవి

ఎరకు వాసన పూయడం, చంద్రుడి తిథి, లీడరు రంగు వంటివాటిని కారణాలుగా నేను పట్టించుకోను. పైవన్నీ సరిగా ఉన్నాక అవి అడ్డు వచ్చినట్టు ఎన్నడూ చూడలేదు. మెత్తని రబ్బరు ఎరలను గట్టి ప్లాస్టిక్ ఎరలతో ఒకే అరలో వేస్తే రెండూ కరిగి అంటుకుపోతాయి, వాటిని కొన్న సంచిలోనే ఉంచండి.