తొలి మడత కత్తి చేయించుకునే ముందు

అమెరికాలో సొంతంగా పనిచేసే తయారీదారుల దగ్గర మడత కత్తిని ప్రత్యేకంగా చేయించుకోదలచినవారు ముందుగా పరీక్షించవలసింది ఉక్కును కాదు, తెరిచిన బ్లేడును కదలకుండా పట్టి ఉంచే లాక్‌ను. 1980ల మొదట్లో అమెరికన్ కత్తుల తయారీదారు మైకేల్ వాకర్ తీర్చిదిద్దిన లైనర్ లాక్‌లో, పిడి లోపలి పలుచని లోహపు రేకు పక్కకు వంగి బ్లేడు వెనుక కొసకు అడ్డు నిలుస్తుంది. నమూనా కత్తిని తెరిచి, వెలుతురుకు ఎదురుగా పట్టి, ఆ రేకు కొసను నిండుగా ఆనుకుందో లేదో చూడాలి. ఆపై బ్లేడును పైకీ కిందికీ, పక్కలకూ మెల్లగా కదిపినా ఊగకూడదు. మూసినప్పుడు అది పిడి నట్టనడుమ, ఏ వైపూ రాసుకోకుండా ఉండాలి.

ఉక్కు సంగతికొస్తే, సీపీఎం-154 వంటిది రాక్‌వెల్ కొలతలో 60 దరిదాపుల గట్టిదనంతో ఉంటే రోజువారీ పనులకు సరిపోతుంది. తొలి కత్తికే డమాస్కస్ నగిషీ (పొరలు పొరలుగా అతికిన ఉక్కుపై తేలే అలల గీతలు) కోసం డబ్బు కుమ్మరించడం, నా దృష్టిలో, తొందరపాటే. పేరున్నవారి దగ్గర ఏళ్ల తరబడి ఎదురుచూడవలసి రావచ్చు కనుక, బయానా ఇచ్చే ముందే అప్పగించే గడువునూ మరమ్మతు బాధ్యతనూ రాతపూర్వకంగా తీసుకోవాలి. మొత్తం సొమ్ము ముందే కోరేవారితో జాగ్రత్త అవసరం. బ్లేడు పొడవుపై నిబంధనలు రాష్ట్రానికొక తీరుగా ఉంటాయి కాబట్టి, కొలతలు ఖాయం చేసేముందే వాటిని చూసుకోవాలి.