బిల్డర్ చేతిలోంచి అసోసియేషన్ పగ్గాలు తీసుకోవడం ఎలా?

అపార్ట్‌మెంట్‌కు అసోసియేషన్ ఉన్నంత మాత్రాన పెత్తనం ఫ్లాట్ల యజమానులదని కాదు. తెలంగాణలో 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సంఘం పెట్టడానికి ఏడుగురు చాలు. ఆ ఏడుగురూ బిల్డర్ కంపెనీ మనుషులే అయితే, బోర్డు మీద పేరు మీది, చెక్కు మీద సంతకం వాళ్లది.

అందుకే ముందు సొసైటీల రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి బైలాస్ (సంఘం నియమావళి), కార్యవర్గ జాబితా సర్టిఫైడ్ కాపీలు తెచ్చుకోండి. అమ్ముడుపోని ఫ్లాట్లకు ఓటు ఉందా, బ్యాంకు ఖాతాలో సంతకం ఎవరిది, తొలి కార్యవర్గం ఎప్పటిదాకా ఉంటుంది అన్నవి చూడండి. ‘అన్ని ఫ్లాట్లూ అమ్ముడయ్యేదాకా’ అని రాసుంటే అసలు చిక్కు అక్కడే. నాలుగు ఫ్లాట్లు అమ్మకుండా అట్టిపెట్టుకుంటే చాలు, ఎన్నికలు ఎన్నటికీ రావు. స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) అన్నేళ్లు ఆగమనలేదు. స్థానిక చట్టంలో వేరే గడువు లేనప్పుడు, సగానికి పైగా ఫ్లాట్లు బుక్ అయిన మూడు నెలల్లో సంఘం ఏర్పడేలా చూడాల్సింది బిల్డరేనని సెక్షన్ 11(4)(ఇ) చెబుతోంది.

జనరల్ బాడీ (సభ్యులందరి సమావేశం) పెట్టమని బైలాస్ అడిగినంతమంది సభ్యుల సంతకాలతో లేఖ ఇవ్వండి. నోటీసు గడువు, కోరం (హాజరు కావాల్సిన కనీస సభ్యుల సంఖ్య), హాజరు పట్టికలో సంతకాలు పక్కాగా ఉండాలి. వాట్సాప్ పోల్ తీర్మానం కాదు. ఎన్నిక చెల్లదనడానికి అవతలివాళ్లు మొదట పట్టుకునేది ఈ లొసుగునే. కోపంతో మెయింటెనెన్స్ కట్టడం మాత్రం ఆపొద్దు. బకాయి ఉన్నవాళ్లకు ఓటు లేదనే నిబంధన బైలాస్‌లో ఉంటే, మీవైపు ఓట్లే రాలిపోతాయి. అభ్యంతరం ఉంటే రాసిచ్చి కట్టండి.

గెలిచాక కొత్త కార్యవర్గ జాబితాను తీర్మానంతో సహా రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేసి, ఆ కాపీతో బ్యాంకుకు వెళ్లి సంతకాలు మార్పించాలి. అప్పుడు కార్పస్ ఫండ్ (ఫ్లాట్ల యజమానుల దగ్గర వసూలు చేసిన మూలనిధి) లెక్క తీయండి. చదరపు అడుగుకు 50 రూపాయల చొప్పున 4 లక్షల అడుగులకు వసూలైందంటే 2 కోట్లు. దాని మీద వడ్డీ ఎక్కడుందో కూడా అడగండి. ‘మెయింటెనెన్స్ లోటుకు సర్దుబాటు చేశాం’ అంటే నెలవారీ ఓచర్లు చూపించమనండి. ఫ్లాట్ల వారీ రసీదులు మీ దగ్గరే ఉంటాయి కాబట్టి వసూలు లెక్కను మీరే వేసుకోవచ్చు.

రెరా చట్టం సెక్షన్ 17(2) ప్రకారం, స్థానిక చట్టం లేనిచోట కంప్లీషన్ సర్టిఫికెట్ వచ్చిన 30 రోజుల్లో కాగితాలు, ప్లాన్లు సంఘానికి అప్పగించాలి. మంజూరు ప్లాన్, ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్), స్ట్రక్చరల్, ప్లంబింగ్, ఎలక్ట్రికల్ డ్రాయింగులు, ఫైర్ ఎన్‌వోసీ, ఎస్టీపీకి (మురుగునీటి శుద్ధి ప్లాంటు) కాలుష్య నియంత్రణ మండలి అనుమతి, లిఫ్టులు, జనరేటర్ల వారంటీలు అన్నీ అడగండి. కట్టినది కట్టినట్టు చూపే ప్లంబింగ్ డ్రాయింగ్ లేకపోతే, రేపు ఒక్క లీకేజీ కోసం గోడంతా పగలగొట్టాల్సి వస్తుంది.

పరికరాలు అప్పగింత రోజున మెరుస్తూనే ఉంటాయి, కాబట్టి స్వతంత్ర ఇంజినీరును పెట్టుకుని నడిపించి చూడండి. పై అంతస్తులో మంటలార్పే నీటి గొట్టం (హైడ్రంట్) వాల్వు తిప్పితే ఫైర్ పంపు ఎవరూ ముట్టుకోకుండా దానంతటదే స్టార్ట్ కావాలి. ఆ తర్వాత కరెంటు మెయిన్ ఆపి, డీజిల్ పంపుతో మళ్లీ చూడండి. బ్యాటరీ దిగిపోయి అది కదలకపోవడం తరచూ కనిపించే లోపం. జనరేటర్‌ను లిఫ్టులు, నీటి మోటార్లు అన్నీ కలిపి నడపాలి, ఖాళీగా తిప్పితే ఏమీ తెలియదు. టెర్రస్ మీద గొట్టాలు మూసి 48 గంటలు నీళ్లు నిలిపి, కింది స్లాబులో చెమ్మ ఉందేమో చూడండి. ఎస్టీపీ నుంచి బయటికొచ్చే నీటిని గుర్తింపు పొందిన ల్యాబుకు పంపండి.

‘అన్నీ సంతృప్తికరంగా అందాయి’ అన్న కాగితం మీద సంతకం పెట్టొద్దు. అందినవి, అందనివి, లోపమున్నవి విడివిడిగా రాసి, ఇరువర్గాలూ సంతకాలు చేయండి. ఫ్లాట్ అప్పగించిన రోజు నుంచి ఐదేళ్లలోపు నిర్మాణ లోపాలు, పనితనం లోపాలు బిల్డర్ దృష్టికి తెస్తే, సెక్షన్ 14(3) కింద 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. ఈ ఐదేళ్లూ అసోసియేషన్ మీ చేతికొచ్చిన రోజు నుంచి కాదు, ఫ్లాట్ స్వాధీనమైన రోజు నుంచే లెక్క. కాబట్టి ఎన్నికల గొడవ తేలేదాకా ఆగకుండా లోపాల నోటీసు స్పీడ్ పోస్టులో ఇప్పుడే పంపండి.

స్పందన లేకపోతే సెక్షన్ 31 కింద సంఘం పేరు మీదే తెలంగాణ రెరా అథారిటీకి ఫిర్యాదు చేయవచ్చు. ఫిర్యాదుకు అధికారమిచ్చే జనరల్ బాడీ తీర్మానం, నోటీసులు, పోస్టల్ రసీదులు, ఇంజినీరు నివేదిక, ఆ విడివిడి జాబితా జతచేయండి.